అయ్యప్ప పాటల సీజన్ ముందు స్టూడియోలో లైనక్స్ వేసేవాళ్లకు జాగ్రత్తలు

తెలిసిన కీబోర్డు ప్లేయర్ ఒకాయన, భక్తి పాటల ఆల్బమ్ మిక్సింగ్‌లో ఉండగా సిస్టమ్ అప్‌డేట్ నొక్కాడు. దాంతోపాటు, లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ కొత్త వెర్షన్ వచ్చేసింది. యాబ్రిడ్జ్ (విండోస్ ప్లగిన్లను లైనక్స్ సాఫ్ట్‌వేర్‌లో వాడుకోనిచ్చే టూల్) మీద నడిచే విండోస్ ప్లగిన్లు తెరుచుకున్నాయి గానీ, మౌస్‌తో ఒక నాబ్ పట్టుకుంటే క్లిక్ ఇంకోచోట పడుతోంది. వైన్ 9.22తో మొదలైన సమస్య ఇది. ఆల్బమ్ ఇవ్వాల్సిన రోజు దాటిపోయింది, పని ఇంకొకరికి పోయింది.

అందుకే మొదట చెప్పేది ఇదే: పని చేతిలో ఉండగా సిస్టమ్‌ను ముట్టుకోవద్దు. ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) అన్నది ఆ తర్వాతి మాట.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది. పాత మెషీన్లలో లైనక్స్ వేద్దామనుకునేవాళ్లు పెరిగారు. మంచిదే. డబ్బులు తీసుకుని చేసే పనికైతే, ఆడియో పనికోసం తయారైన ఉబుంటు స్టూడియోలో ఎల్‌టీఎస్ వెర్షనే ఎంచుకోండి. దానికి 3 ఏళ్ల సపోర్ట్ ఉంటుంది, మధ్యలో వచ్చే వెర్షన్లకు 9 నెలలే. ఎమ్‌ఎక్స్ లైనక్స్ మీద కట్టిన ఏవీ లైనక్స్ కూడా బాగుంటుంది. ఆర్చ్ లాంటి రోలింగ్ డిస్ట్రోలు నేర్చుకోవడానికి మంచివి, సీజన్ పనికి వద్దు. వాటిలో ప్రతి అప్‌డేటూ సిస్టమ్‌ను కొంత మారుస్తుంది.

రియల్‌టైమ్ కెర్నెల్ (పనులను సరిగ్గా సమయానికి చేసే సిస్టమ్ గుండెకాయ) ఉందా లేదా అని టెన్షన్ పడి డిస్ట్రోలు మారుస్తూ ఉండొద్దు. ఏళ్ల తరబడి బయట ప్యాచ్‌గా ఉన్న ఆ కోడ్ 2024లో 6.12 కెర్నెల్‌లో కలిసిపోయింది. గొంతు రికార్డింగ్‌కు 48 కిలోహెర్ట్జ్‌లో 256 ఫ్రేముల బఫర్ (శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే మెమరీ) పెడితే ఒక్కో బఫర్‌కు 5.3 మిల్లీసెకన్లు. చాలామందికి అది సరిపోతుంది. క్లిక్కులు వస్తుంటే, శబ్దం తెగుతుంటే ముందు మీ యూజర్ ఆడియో గ్రూపులో ఉన్నాడో లేదో చూడండి.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియో లైనక్స్‌కు రావు. రీపర్, బిట్‌విగ్, ఆర్డర్ (Ardour) వస్తాయి. క్యూబేస్ ప్రాజెక్టు ఫైలు వీటిలో నేరుగా తెరుచుకోదు. కాబట్టి విండోస్ తీసేయకముందే ప్రతి ట్రాక్‌ను మొదటి బీట్ నుంచి వేవ్ ఫైలుగా, మిడిని (నోట్ల సమాచారాన్ని) విడిగా తీసి పెట్టుకోండి. ఐలాక్ (లైసెన్స్ చెక్ చేసే పద్ధతి) అడిగే ప్లగిన్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ యూఎస్‌బీలో బూట్ చేసి, మీ ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి, ఒక పాట మొత్తం రికార్డ్ చేసి చూడండి. పని చేయకపోతే ఇన్‌స్టాల్ చేయొద్దు.

పాత విండోస్ డిస్కు చెరపొద్దు, వేరే ఎస్‌ఎస్‌డీ కొనండి. టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ (సిస్టమ్ కాపీ) తీయండి. అది సిస్టమ్‌ను కాపాడుతుంది, పాటలను కాదు. పాటలకు వేరే హార్డ్ డిస్క్. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపండి. వైన్ వెర్షన్‌ను లాక్ చేయండి. "అప్‌గ్రేడ్ చేస్తారా" అని అడిగితే వద్దనండి. సింగర్ వచ్చే రోజు అసలే వద్దు. మిక్సింగ్ అయినా మాస్టరింగ్ మిగిలి ఉంటే వద్దు. పని ఇచ్చినవాళ్లు పాట విని సరే అన్నాక, డబ్బులు చేతికొచ్చాక, స్టెమ్స్ (విడివిడి ట్రాకుల ఫైళ్లు) రెండు చోట్ల దాచాక అప్‌డేట్ నొక్కండి.