పాత కారుకి బ్లూటూత్ పెట్టిస్తున్నారా, ముందు మైక్ సంగతి చూస్కోండి

మా 2009 ఆల్టో ఇంకా బ్రహ్మాండంగా నడుస్తోంది, ఇంజన్ బాగుంది, ఏసీ బాగుంది, లేనిదల్లా బ్లూటూతే. బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఆఫీసుకి పోయి రావడానికే రోజూ రెండు గంటలు, సరిగ్గా సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కున్న టైంకే అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం ఎంత డేంజరో చెప్పక్కర్లేదు, 2019లో మోటార్ వెహికల్స్ చట్టం మార్చాక 184వ సెక్షన్ కింద మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా రాసుంది. పాత కారుకి బ్లూటూత్ పెట్టడానికి ఉన్న మూడు దార్లూ నేను ట్రై చేశా. పాటలకైతే ఏది పెట్టినా పని జరిగిపోతుంది, అసలు తేడా కాల్స్ దగ్గరే. అవతలివాళ్ళ మాట మనకి ఎలాగూ వినిపిస్తుంది, మన మాట వాళ్ళకి వినపడాలి కదా, అది మైక్ ఎక్కడుందో దాన్ని బట్టే ఉంటుంది.

అన్నిటికన్నా చవక సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, అది ఫోన్ సౌండ్‌ని ఎఫ్ఎంలో కార్ రేడియోకి పంపుతుంది, కార్లో రేడియో ఉంటే చాలు. ట్రాన్స్‌మిటర్లో ఒక ఫ్రీక్వెన్సీ పెట్టి రేడియోలో కూడా అదే పెట్టాలి, కానీ బెంగళూరులో ఖాళీ దొరకడమే కష్టం, 91.1, 92.7, 93.5, 98.3, 101.3, 102.9, 104 అన్నిట్లో స్టేషన్లున్నాయి. నేనైతే 88 చుట్టుపక్కల వెతికా. ముందు ట్రాన్స్‌మిటర్ తీసేసి రేడియో ఒక్కటే పెట్టి వినండి, ఉత్త బుస్సుమనే సౌండే వస్తుంటే అది ఖాళీ అన్నట్టు, దాని పక్కన అటూ ఇటూ కూడా ఖాళీ ఉంటే ఇంకా మంచిది. ఊరు దాటాక మళ్ళీ వెతుక్కోవాల్సి రావచ్చు. పాటలు పర్లేదు కానీ మైక్ ఎక్కడో కింద గేర్ దగ్గర ఉంటుంది, అమ్మ రెండో రోజే అడిగింది, ఏం నాయనా బావిలో నుంచి మాట్లాడినట్టుందే అని.

స్టీరియోకి ఆక్స్ (బయటి నుంచి వైరుతో సౌండ్ ఇచ్చే బెజ్జం) ఉంటే చిన్న బ్లూటూత్ రిసీవర్ సరిపోతుంది, సౌండ్ ఎఫ్ఎం కంటే చాలా క్లియర్. కొనేటప్పుడు డబ్బా మీద హెచ్ఎఫ్‌పీ అని ఉందో లేదో చూస్కోండి, కాల్స్‌కి కావాల్సింది అదే, ఏ2డీపీ ఒక్కటే ఉంటే పాటలు మాత్రమే వస్తాయి, కాల్ వస్తే మళ్ళీ ఫోన్ వెతుక్కోవాల్సిందే. ఇంకో తలనొప్పి, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలో కుయ్యిమని ఒక సన్నటి కూత పెరుగుతుంది. రిసీవర్‌ని సాకెట్ ఛార్జర్‌ నుంచి పీకి దాని సొంత బ్యాటరీ మీద నడిపి చూడండి, కూత ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే ఛార్జర్ వైరూ ఆక్స్ వైరూ రెండూ కార్ బాడీకే కలవడం వల్ల వచ్చే గోల. ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ తగిలిస్తే పోతుంది, ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో అడగండి.

కార్ ఇంకో నాలుగేళ్ళు ఉంచుకునేటట్టుంటే మాత్రం స్టీరియోనే మార్చేయండి, నేను చివరికి చేసింది అదే. కార్ సామాన్ల షాపులుండే జేసీ రోడ్డుకి పోయే ముందు డాష్‌బోర్డులో స్టీరియో స్లాట్ కొలవండి, స్టీరియో సైజుల్ని డిన్ అంటారు, వెడల్పు 18 సెంటీమీటర్లు ఎత్తు 5 ఉంటే సింగిల్ డిన్, ఎత్తు 10 ఉంటే డబుల్ డిన్. షాపులో స్క్రీను, లైట్లు చూపిస్తారు, మీరు మాత్రం "అన్నా, వెనకాల బయటి మైక్ పెట్టుకునే పిన్ ఉందా" అని అడగండి. కొన్నిట్లో మైక్ స్టీరియో ముందు మూతలోనే సూది బెజ్జమంత ఉంటుంది, దాని పక్కనే ఏసీ వెంట్, ఇంక చెప్పేదేముంది.

ఫిట్టింగ్‌కి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. స్టీరియో వెనకాల ఉండే కార్ ఒరిజినల్ వైరు సాకెట్ మాత్రం కట్ చేయనివ్వకండి, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ (వైరు కోయకుండా కలిపే ప్లగ్) దొరుకుతుంది, అదడగండి. కొత్త స్టీరియో వైర్లలో మామూలుగా పసుపు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉండేదానికి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చేదానికి, నలుపు కార్ బాడీకి. ఫస్ట్ ఒక షాపులో నాకు పసుపు ఎరుపు తారుమారు చేశారు, పొద్దున కార్ తీసిన ప్రతిసారీ టైము, రేడియో స్టేషన్లు అన్నీ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వచ్చేది, స్టీరియోనే పాడైందనుకుని వారం రోజులు బాధపడ్డా. కొందరు రెండూ కలిపి బ్యాటరీకే ఇచ్చేస్తారు, అప్పుడు స్టీరియో ఆపడం మర్చిపోతే తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, వంకాయ రంగు వైర్లు స్పీకర్లవి, నల్ల గీత ఉన్నది మైనస్, కానీ మైనస్సే కదా అని దాన్ని బాడీకి కలిపారంటే స్టీరియో పోతుంది.

ఇంక మైక్. ఫిట్టింగ్ అబ్బాయి ఐదు నిమిషాల్లో డాష్‌బోర్డు మీద అతికించేస్తానంటాడు, ఒప్పుకోకండి. నేను దగ్గరుండి డ్రైవర్ సన్‌వైజర్ పైన, రూఫ్ అంచు దగ్గర పెట్టించా, మైక్ ముఖం నా నోటి వైపు, సుమారు అడుగున్నర దూరంలో. వైరుని రూఫ్ లైనింగ్ అంచులోకి వేలితో మెల్లగా తోసుకుంటూ పోయి, అద్దం పక్క పిల్లర్ ప్లాస్టిక్ లోపల నుంచి కిందికి దింపి, డాష్‌బోర్డు కింద నుంచి స్టీరియో వెనక్కి తెచ్చాం, అర గంట పట్టింది, బయటికి వైరు ఒక్క ఇంచు కూడా కనపడదు. మీ కార్లో పిల్లర్ దగ్గర ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం వైరు దానికి అడ్డం రాకూడదు, వెనక నుంచే పోవాలి.

షాపు దగ్గర నిలబడి హలో హలో అంటే టెస్ట్ అయినట్టు కాదు. అద్దాలెత్తి ఏసీ మూడు మీద పెట్టి రోడ్డు మీదికి పోయి, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకుని ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేయించండి. వాళ్ళ మాట వాళ్ళకే తిరిగి వినపడుతోంది అంటే స్పీకర్ సౌండ్ తగ్గించండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. కాల్స్ వస్తున్నాయి కానీ పాటలు రావట్లేదనో, పాటలు వస్తున్నాయి కాల్స్ రావట్లేదనో అనిపిస్తే స్టీరియో పీకించకండి, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే బ్లూటూత్ సెట్టింగ్స్‌కి పోయి కార్ పేరు పక్కన నొక్కితే కాల్స్‌కి ఒకటి, మీడియాకి ఒకటి వేరువేరు బటన్లుంటాయి, ఏది ఆఫ్‌లో ఉందో అది ఆన్ చేయండి.