స్కూల్ గేమ్స్ సీజన్ వస్తోంది: పిల్లలకు ఆట మీద మనసు విరగకుండా చూసుకోండి

బడులు తెరిచి రెండు నెలలు కాగానే మన దగ్గర స్కూల్ గేమ్స్ హడావిడి మొదలవుతుంది. ముందు మండలం, తర్వాత జిల్లా, అక్కడ సెలక్ట్ అయితే రాష్ట్ర స్థాయి. అండర్-14, అండర్-17 పిల్లలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అంటూ బ్యాగులు సర్దుకుని ములుగు నుంచి హనుమకొండకు, మహబూబాబాద్ నుంచి ఖమ్మానికి తిరుగుతూనే ఉంటారు.

మా వాడు ఓడిపోతాడేమో అని చాలామంది తల్లిదండ్రులకు టెన్షన్. అందులో భయపడేదేమీ లేదు, పది జట్లు వస్తే తొమ్మిది జట్లు ఓడిపోయే ఇంటికి వస్తాయి, లెక్కే అంత. అసలు భయపడాల్సింది వేరే ఉంది. జూన్‌లో తెల్లారకముందే లేచి గ్రౌండుకు ఉరికిన పిల్ల, నవంబర్ వచ్చేసరికి "కడుపు నొస్తుందమ్మా, నేను రాను" అని దుప్పటి కప్పుకుంటుంది చూడండి, దానికి భయపడాలి. ఆ పిల్ల ఓడిపోయినందుకు అట్లా అవదు, ఓటమి చుట్టూ పెద్దవాళ్లు చేసే గొడవ వల్ల అవుతుంది. కింద రాసిన జాగ్రత్తలన్నీ అందుకే.

అమెరికాలో పదేళ్ల కింద ఫుట్‌బాల్ ఆడే పిల్లల్ని, వాళ్ల కోచ్‌లని, తల్లిదండ్రులని కూర్చోబెట్టి "ఆటలో మజా ఎక్కడొస్తుంది?" అని అడిగారు. మొత్తం 81 కారణాలు తేలాయి, అందులో గెలవడం 48వ స్థానంలో ఉంది. పైన ఏమున్నాయంటే బాగా కష్టపడి ఆడటం, జట్టులో అందరూ కలిసి ఉండటం, కోచ్ మంచిగా మాట్లాడటం. మన పిల్లల్ని అడిగినా దాదాపు ఇవే చెప్తారు. టోర్నమెంటుకు పోయొచ్చిన పిల్లలు ముందు బస్సులో పాడిన పాటల గురించి, రాత్రి స్కూలు గదిలో అందరూ వరసగా పడుకున్న సంగతి గురించి చెప్తారు, స్కోరు మనం అడిగితే తప్ప చెప్పరు.

సీజన్‌కు ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అన్నిటికంటే ముందు వయసు. మన దగ్గర అందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనని విషయం ఇది: పదిహేనేళ్ల పిల్లోడిని కాగితాల మీద పదమూడేళ్లు చేసి అండర్-14లో దింపడం. ఎవరో ఒకరు వచ్చి "ఒక్క సర్టిఫికెట్ మార్పిస్తే స్టేట్‌కు పోతాడు" అని ఆశ పెడతారు. ఒప్పుకోకండి. పట్టుబడితే పిల్లోడిని బయటికి పంపిస్తారు, పట్టుబడకపోతే ఇంకా కష్టం, ఎందుకంటే ఆ పిల్లోడు ప్రతి టోర్నమెంటులో తన పుట్టిన తేదీని అబద్ధంగా గుర్తుపెట్టుకుని చెప్పాలి, గెలిచినా అది తన గెలుపు అని వాడికే అనిపించదు. ఎదురుగా నిజంగా పదమూడేళ్లున్న పిల్లోడు చేతులు విరగ్గొట్టుకునే ప్రమాదం సరేసరి. బోనఫైడ్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ మూడింట్లో పేరు, తేదీ ఒక్కలాగే ఉన్నాయో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి. స్పెల్లింగ్ తేడా వల్ల గ్రౌండు దాకా వచ్చి ఆడకుండా వెనక్కి పోయే పిల్లల ఏడుపు చూడలేం.

రెండోది కబడ్డీ పిల్లల బరువు. కేటగిరీ బరువు దాటిందని రెండు రోజులు అన్నం మానేయించి, మంచినీళ్లు కూడా తగ్గించి, వానకోటు వేసి ఉరికించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఎదిగే పిల్లలకు అది ఆట కాదు, శిక్ష. తూకం రోజు కిలోన్నర తగ్గినా, మధ్యాహ్నం మ్యాచ్‌లో కాళ్లు తేలిపోతాయి. బరువు సరిపోకపోతే పై కేటగిరీలో ఆడించండి, లేదా ఈ ఏడాదికి వదిలేయండి.

ప్రాక్టీసు ఎంత చేయించాలి అంటే పిల్లల డాక్టర్లు చెప్పే ఒక తేలిక లెక్క ఉంది: పిల్లల వయసు ఎంతో, వారానికి అన్ని గంటలు దాటొద్దు. పన్నెండేళ్ల పిల్లకు వారానికి పన్నెండు గంటలు, అందులో ఒకటి రెండు రోజులు పూర్తిగా సెలవు. పొద్దున కోచింగ్, సాయంత్రం పీఈటీ సార్ దగ్గర, ఆదివారం మళ్లీ అకాడమీలో అంటే కుదరదు. మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ నొప్పి ఎత్తు పెరిగే వయసులో బాగా వస్తుంటాయి. "అదేం కాదు, ఆడితే అదే పోతుంది" అనకుండా కొన్నాళ్లు తగ్గించి డాక్టర్‌కు చూపించండి, చాలావరకు విశ్రాంతితోనే తగ్గుతుంది. తలకు దెబ్బ తగిలితే మాత్రం బేరాలు లేవు. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, అడిగిందే మళ్లీ అడిగినా ఆ రోజు ఇక ఆట బంద్, నేరుగా ఆసుపత్రికే. ఫైనల్ అయినా సరే.

బూట్ల గురించి కూడా చెప్పుకోవాలి. ఊళ్లో మట్టి గ్రౌండులో ఉత్త కాళ్లతో ఉరికిన పిల్లోడు హనుమకొండ జేఎన్ఎస్‌లో (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) సింథటిక్ ట్రాక్ మీదికి వచ్చేసరికి, సంతోషంగా కొత్త స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) కొనిస్తాం. రేసు రోజు పొద్దున మొదటిసారి అవి తొడిగితే పిక్కలు పట్టేస్తాయి, పొక్కులొస్తాయి, వాడేమో ట్రాక్‌నే తిట్టుకుంటాడు. కనీసం రెండు వారాల ముందు కొనండి, వేసుకుని ప్రాక్టీసు చేయనివ్వండి. కబడ్డీ పిల్లలదీ అదే సమస్య, మట్టిలో నేర్చుకుని పై స్థాయిలో మ్యాట్ మీద ఆడాలి. దగ్గర్లో మ్యాట్ ఎక్కడుందో కనుక్కుని రెండు మూడు సార్లు దాని మీద పడి లేవనివ్వండి, సగం భయం పోతుంది.

ఇక పోటీ రోజు. తొమ్మిదింటికి మొదలవుతుందని కాగితంలో ఉంటుంది, ముఖ్య అతిథి పదకొండింటికి వస్తారు, అప్పటిదాకా పిల్లలు ఎండలో వరసల్లో నిలబడతారు, పరుగు మధ్యాహ్నం రెండింటికి. ఈ సంగతి తెలిసి కూడా ఏటా ఒక సీసా నీళ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో పంపించేస్తాం. టోపీ పెట్టండి. ఇడ్లీనో, అటుకుల ఉప్మానో తినిపించి, బ్యాగులో అరటిపండ్లు, పల్లీపట్టీ, పెరుగన్నం వేయండి. గెలిస్తే బిర్యానీ అని ఆశ చూపించడం మీ ఇష్టం కానీ ఆట ముందు మాత్రం నూనె తిండి వద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, గ్లాసులో సగం పొడి పోసి ఇవ్వొద్దు. పేరులో ఓఆర్ఎస్ అని రాసుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి నీళ్లు వేరే సరుకు. ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపేసింది కూడా, దానికోసం ఏళ్ల తరబడి కొట్లాడింది హైదరాబాద్‌లోని ఒక పిల్లల డాక్టరమ్మ. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకొకటి గమనించాలి. చాలా గ్రౌండుల్లో పనికొచ్చే బాత్రూం ఉండదు, అందుకని పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోతే ఎండ తగిలిందంటాం. ముందు రోజే పీఈటీ సార్‌నో మేడమ్‌నో అడగండి, లేకపోతే పక్క స్కూలుతోనో దగ్గర్లో చుట్టాల ఇంటితోనో మాట్లాడి పెట్టండి. ప్యాడ్లు, ఒక జత బట్టలు బ్యాగులో ఎప్పుడూ ఉండాలి, నెలసరి రోజున ఆడాలా వద్దా అనేది పిల్లనే చెప్పనివ్వండి. రాత్రి బస ఉంటే వెంట మహిళా టీచర్ ఎవరు వస్తున్నారు, పిల్లలు ఎక్కడ పడుకుంటారు, ఫోన్ చేయాలంటే ఎవరికి చేయాలి, ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. ఎవరైనా అడిగినందుకు చిరాకు పడితే ఇంకా గట్టిగా అడగండి. కోచ్ అయినా, సీనియర్ అయినా ఇబ్బంది పెడితే ఇంట్లో చెప్పొచ్చని, మేం నిన్ను తిట్టమని, ఆట మాన్పించమని పిల్లకు ముందే చెప్పి ఉంచండి. ఆట మాన్పిస్తారన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు తెరవరు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098, పిల్లలకు నోటికి వచ్చేలా నేర్పండి.

గీత అవతల నిలబడ్డ మన సంగతి చెప్పుకుందాం. ఏ మండల స్థాయి కబడ్డీ దగ్గరకైనా పోయి చూడండి. పిల్లోడు రైడ్‌కు (కూతకు) పోతాడు, ఎదురుగా ఐదుగురే ఉన్నారు. ఆరుగురుంటేనే బోనస్ గీత దాటినందుకు అదనపు పాయింట్ వస్తుందని వాడికి తెలుసు, కోచ్‌కు తెలుసు, గీత అవతల ఉన్న వాళ్ల నాయినకు తెలియదు. "బోనస్ కొట్టు రా, బోనస్!" అని గొంతు చించుకుంటాడు. లోపలికి పోయిన పిల్లోడు ఒక్క క్షణం తల తిప్పి నాయిన వైపు చూస్తాడు, అంతే, మూలన ఉన్నోడు మడమ పట్టేస్తాడు. తర్వాత తిట్టు ఎవరికి? పిల్లోడికే.

చప్పట్లు కొట్టండి, ఈలలు వేయండి, పేరు పెట్టి పిలవండి. ఏం చేయాలో మాత్రం చెప్పకండి, దానికి కోచ్ ఉన్నాడు. రెఫరీతో గొడవ అసలే వద్దు. మనం రెఫరీ మీదికి పోయామంటే, ఓడిపోతే కారణం బయట వెతకొచ్చని పిల్లోడికి ఆ రోజే నేర్పినట్టు. సరిగ్గా నడుచుకోగలమో లేదో అనుమానం ఉన్నవాళ్లు నోట్లో వక్కపొడి వేసుకుని నిలబడండి, నేను చూసినంతలో బాగానే పని చేస్తుంది.

ఆట ముందు గుండె దడ, మాటిమాటికి ఒంటేలుకు పోవడం, చేతులు చల్లబడటం మామూలే. "భయపడకు" అంటే భయం పోదు, ఇంకా నా భయం అందరికీ కనబడుతోందా అని సిగ్గుపడతారు. "దడ దడ అంటుందా? ఒళ్లు ఉరకడానికి తయారవుతోంది బిడ్డా" అని చెప్పి, ముక్కుతో పీల్చి నోటితో మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలమనండి. నాలుగైదు సార్లు చాలు. ముందు రోజు రాత్రి "రేపు మన ఊరి పరువు నీ చేతుల్లో ఉంది" లాంటి డైలాగులు మానండి. సర్పంచ్ గారు ఫ్లెక్సీ కట్టిస్తానంటే కూడా పోటీ అయ్యాక చూద్దాం లెండి అని చెప్పండి.

అన్నిటికంటే గండం తిరుగు ప్రయాణం. పిల్ల బండి వెనక కూర్చుంటుంది, ఒళ్లో బ్యాగు, టీ షర్టుకు పిన్నులతో నంబర్ కాగితం ఇంకా అట్లనే ఉంటుంది, ముందున్న నాయిన కాజీపేట చౌరస్తా దాటకముందే మొదలుపెడతాడు: "ఆ మలుపులో ఎందుకు స్లో అయినవ్? ఆ పక్క పిల్ల నీ కంటే చిన్నది కదా?" పిల్లకు దిగి పారిపోయే వీలు లేదు, మొహం కనబడదు కాబట్టి ఏడ్చినా నాయినకు తెలియదు. నా మాట వినండి, ఆ రోజు ఆట గురించి మీరుగా ఎత్తకండి. "ఆకలైతుందా బిడ్డా? ఏం తిందాం?" అని అడగండి, "నువ్వు ఆడుతుంటే చూడబుద్ధి అయింది" అని ఒక్క మాట అనండి, చాలు. పిల్ల తనంతట తాను చెప్తే వినండి. తప్పులు దిద్దాలనుకుంటే రెండు రోజులాగి, అదీ కోచ్‌తో దిద్దించండి. గెలిచిన రోజుకూ ఇదే వర్తిస్తుంది, "తర్వాత స్టేట్, తర్వాత నేషనల్, తర్వాత స్పోర్ట్స్ కోటా" అని బండి మీదనే ఉద్యోగం దాకా తీసుకుపోకండి.

పెద్ద ఆటగాళ్లతో పోల్చేటప్పుడు కథ మొత్తం చెప్పండి. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో కోబెలో 400 మీటర్ల టీ20 విభాగంలో (బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ల పారా పోటీ) 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో మూడో స్థానం, కాంస్యం. రికార్డు కొట్టిన మనిషికి కూడా నాలుగు నెలల్లో టైం అటూ ఇటూ అవుతుంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రిక్వార్టర్స్‌లోనే చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడిపోయింది, ఆ వూ యూనే తర్వాత స్వర్ణం గెలిచింది. "దీప్తిని చూసి నేర్చుకో" అని పతకం ఫొటో చూపించి ఊరుకుంటే పిల్లలకు ఓడిపోయే హక్కు లేదనిపిస్తుంది.

ఇన్ని చేసినా సీజన్ మధ్యలో పిల్ల "నేను పోను" అనొచ్చు. వెంటనే మాన్పించొద్దు, బలవంతంగా పంపించొద్దు. ఏది నచ్చడం లేదో విడదీసి అడగండి: ఆటనా, కోచ్ అరుపులా, జట్టులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, పొద్దున నాలుగున్నరకు లేవడమా, లేక మనమా? ఏడిపించడమో ఇబ్బంది పెట్టడమో అయితే ఆ రోజే ఆపించి స్కూల్లో మాట్లాడండి. ఒళ్లు అలిసిపోవడం అయితే పది రోజులు సెలవిచ్చి చూడండి, దసరాకు బతుకమ్మ ఆడుకోనివ్వండి, క్యాంపు ఉందని అమ్మమ్మ ఇంటికి పోవడం బంద్ పెట్టకండి. ఆటే నచ్చలేదంటే వేరే ఆట చూపించండి, కబడ్డీలో ఇమడని పిల్ల షాట్‌పుట్‌లో హాయిగా ఉండొచ్చు, అసలు పోటీలే లేకుండా సాయంత్రాలు షటిల్ ఆడుకున్నా నష్టమేం లేదు. ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టేముందు మాత్రం ప్రతి ఏడాది కొత్తగా పిల్లనే అడగండి, పోయినేడు ఆడింది కదా అని మనమే ఊ కొట్టేయొద్దు.