ఇత్తడి చెంబు ఫొటోని ఎలా చూడాలి

ఎవరైనా తమ ఫొటో చూపించి ఎలా ఉందని అడిగితే నేను వెంటనే నోరు తెరవను. ముందు కళ్లు సగం మూసి చూస్తాను. వివరాలన్నీ మసకబారి వెలుగు ముద్దలూ చీకటి ముద్దలూ మాత్రమే మిగులుతాయి. అన్నిటికంటే వెలుగ్గా ఉన్నది అసలు వస్తువేనా, వెనక గోడ మీది మచ్చా? సగం లోపాలు అక్కడే దొరుకుతాయి.

మొన్న మా అక్క కూతురు ఇత్తడి చెంబు, మూడు బంగినపల్లి మామిడిపళ్లు కిటికీ పక్కన పెట్టి ఫొటో తీసింది. చెంబు పొట్ట మీద చూడమన్నాను. ఇత్తడి అద్దం లాంటిది, గదిలో ఉన్నదంతా చెప్పేస్తుంది. కిటికీ తెల్లటి పలకలా, దాని పక్కనే ట్యూబ్‌లైటు సన్నటి గీతలా కనబడ్డాయి. అందుకే నీడలు రెండు పడ్డాయి, అవీ రెండు రంగుల్లో.

"లైటు ఆపేసి, నీడ వైపు తెల్ల థర్మోకోల్ షీటు పెట్టు, అమ్మలూ" అన్నాను. షీటు దగ్గరికి జరిపేకొద్దీ నీడ లేతబడుతుంది. పూర్తిగా చెరిపేస్తే మాత్రం చెంబు గుండ్రదనం పోతుంది.

కూర్పులో, అంటే ఫొటోలో వస్తువుల అమరికలో, నేను మొదట వెతికేది అంచులు. పండు చెంబుకి ఆనీ ఆననట్టు ఉంటే కన్ను అక్కడే చిక్కుకుంటుంది. కాస్త వెనక్కి దాచాలి, లేదా బాగా ఎడంగా జరపాలి.

"బాగుంది", "బాలేదు" అని వదిలేయకండి. ఏది, ఎటు, ఎంత జరపాలో చెప్పండి. ఒక్క మార్పే చెప్పి మళ్లీ తీయించండి. తను రెండోసారి తీసిన ఫొటోలో, ముచ్చిక దగ్గర పసుపు ఆకుపచ్చలోకి తిరిగే చోటు స్పష్టంగా కనబడింది.