బాణీకి మాట, మాటకు హక్కు: విశాఖలో పాట రాసేవారి కోసం

ఆదివారాల్లో పెదవాల్తేరులోని మా ఇంటికి పాటలు రాయడం నేర్చుకోవాలని కొందరు యువతీ యువకులు వస్తూ ఉంటారు. వారిలో చాలామందికి అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ అంటే ప్రాణం. ఆమె కచేరీలకు నిండిపోయే స్టేడియంల గురించి వారు గంటలకొద్దీ చెప్పగలరు కాని, ఆమె తొలి ఆల్బం రాకముందే రచయితగా ఉద్యోగం సంపాదించిన మనిషి అన్న సంగతి చాలామందికి తెలియదు. పద్నాలుగేళ్ల వయసులోనే సోనీ ఏటీవీ అనే పబ్లిషింగ్ సంస్థ ఆమెతో పాటల రచయితగా ఒప్పందం చేసుకుంది. 2010లో వచ్చిన మూడో ఆల్బంలోని 14 పాటలనూ ఆమె ఎవరి తోడూ లేకుండా రాశారు. తరువాతి కాలంలో ఆమెను నిలబెట్టింది గొంతుకంటే కలమే అని నా నమ్మకం. అందుకు కారణం చివరి భాగంలో చెబుతాను. ముందు పని మొదలుపెడదాం.

బాణీ చేతికి రాగానే కాగితం తీయవద్దు. కనీసం ఇరవై సార్లు వినండి. ఎక్కడ గొంతు ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ స్వరం సాగుతుందో, ఎక్కడ పరుగెత్తుతుందో చెవికి పట్టేదాకా వినాలి. తరువాత మాటలు లేకుండా 'తాన తాన' అనుకుంటూ తత్తకారంలో పాడుకోవాలి. మన సినిమా రచయితలు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. 2020 లాక్‌డౌన్‌లో స్విఫ్ట్ చేసిన పని కూడా దీనికి దగ్గరిదే. ఆరన్ డెస్నర్ అనే సంగీతకారుడు తన వాద్యాల ట్రాకులను ఇంటర్నెట్‌లో పంపితే, ఆమె వాటిమీద పాడే వరుసనూ, మాటలనూ కట్టి తిరిగి పంపారు. ఒకరినొకరు చూసుకోకుండానే ఆ ఆల్బంలో చాలా భాగం తయారైంది. అయితే ఆమె వరుసను కూడా తానే కట్టుకున్నారు. మనకు మాత్రం వరుస ముందే స్థిరమై వస్తుంది. కాబట్టి మాత్రల లెక్క మనకు మరింత అవసరం.

ఒక ఉదాహరణ చూద్దాం. బాణీ తిశ్రగతిలో, అంటే మూడేసి మాత్రల నడకలో, 'తాన తాన తాన తాన' అని నడుస్తోందనుకోండి. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి చొప్పున 'తాన'కు మూడు, మొత్తం పాదానికి పన్నెండు. సన్నివేశం ఆర్కే బీచ్‌లో సాయంత్రం. కొత్తవారు సాధారణంగా 'సముద్రతీరాన సాయంకాలం' అని మొదలుపెడతారు. లెక్క వేస్తే అది పదిహేడు మాత్రలు. 'సముద్ర'లోని 'ము' తన తరువాతి సంయుక్తాక్షరం వల్ల గురువైపోయిందన్న విషయం వారి కంట పడదు. పాడే మనిషి ఆ పదిహేడింటినీ పన్నెండులో ఇరికించబోతే మాట నలిగిపోతుంది. దాని బదులు 'తీరమంత లేత ఎండ' అని చూడండి: తీర, మంత, లేత, ఎండ, మూడేసి మాత్రలు నాలుగు, సరిగ్గా పన్నెండు. కాని ఇక్కడా ఒక చిక్కు ఉంది. పాడేటప్పుడు 'లేత ఎండ' కలిసి 'లేతెండ' అయిపోతే ఆరు మాత్రలు అయిదవుతాయి. అందుకని గాయనికి విడదీసి పలకమని చెప్పాలి, లేదా 'లేత నీడ' అని మార్చుకోవాలి. నేనైతే మారుస్తాను, ఎందుకంటే రికార్డింగు రోజున రచయిత పక్కన ఉంటాడన్న భరోసా లేదు.

రెండో పాదానికి మా శిష్యురాలు ఒకరు 'లంగరేసుకున్న పడవ' అని రాసి తెచ్చింది. లెక్క సరిపోయింది. అయినా పాడిచూస్తే చివర తడబడుతోంది. కారణం, 'పడవ'లో మూడూ లఘువులే. మాత్రలు మూడే అయినా నడక 'తాన' కాదు, 'తనన'. 'లంగరేసుకున్న నావ' అనగానే కుదురుకుంది. ఇలాంటి చోట్ల లెక్క ఒక్కటే చాలదు, నడక కూడా చూడాలి. స్వరం సాగే చోట 'ఆ', 'ఏ', 'ఓ' వంటి దీర్ఘాలు పడేటట్టు, పరుగెత్తే చోట ఒత్తక్షరాలు తగ్గేటట్టు చూసుకుంటే గాయకులు మిమ్మల్ని మళ్లీ పిలుస్తారు.

ఇక ఏ భాషలో రాయాలన్న ప్రశ్న. 2022లో నాష్‌విల్‌లోని పాటల రచయితల సంఘం ఇచ్చిన పురస్కారాన్ని అందుకుంటూ స్విఫ్ట్, తన పాటలను తాను మూడు కలాలుగా విభజించుకుంటానని చెప్పారు. పాతకాలపు మాటలతో సాగేవి ఈకకలం పాటలు, సొంత అనుభవాన్ని నేటి మాటల్లో సూక్ష్మంగా చెప్పేవి ఇంకుపెన్ను పాటలు, ఆడుతూ పాడుతూ నవ్వించేవి మెరుపుల జెల్ పెన్ను పాటలు. ఈ విభజన తెలుగువారికి అతికినట్టు సరిపోతుంది. మనకు కావ్యభాష ఉంది, ఇంట్లో మాట్లాడుకునే మాట ఉంది, జాతరలో వినిపించే మాట ఉంది. కొత్తవారు చేసే పెద్ద పొరపాటు ఈ మూడింటినీ ఒకే పల్లవిలో కలిపేయడం. 'నీ వదనారవిందం చూసి ఫ్లాటైపోయా' అని రాస్తే, అది కావాలని చేసిన హాస్యం కాకపోతే, పాట రెండుగా విరిగిపోతుంది. పల్లవి రాయకముందే కాగితం పైభాగాన ఏ కలమో రాసి పెట్టుకోండి. ఎంచుకున్న కలానికి చెందని మాట దొర్లితే, అది ఎంత అందమైనదైనా, మరో పాట కోసం దాచుకోండి.

మాటలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లమని చెబుతాను. వేట నుంచి వచ్చిన బోట్ల పక్కన ఐసు ముక్కల మీద చేపలు కుప్పలు పోసి వేలం పాట సాగుతూ ఉంటుంది. అక్కడ సముద్రాన్ని సముద్రం అనరు, గంగమ్మ అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ జెట్టీ దగ్గర వినిపించే మాటలే వేరు. అప్పుల గురించి, వలలు అల్లుకోవడం గురించి, పెళ్లిళ్ల గురించి. ఈ తేడాను చెవితో పట్టుకున్నవారి పాటలో 'అలలు', 'కలలు' అనే అరిగిపోయిన ప్రాస రాదు. శ్రీశ్రీ, ఆరుద్ర పుట్టిన ఊరు ఇది. శ్రీశ్రీకి 1974 సంవత్సరానికి ఉత్తమ గీతరచనకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఇంత వారసత్వం ఉన్న ఊళ్లో ఉంటూ, చూడని కశ్మీరు మంచు గురించి రాయడం నాకు బాధగా ఉంటుంది.

మొదటి ప్రతి పొడుగ్గా రానివ్వండి. స్విఫ్ట్ 2012 ఆల్బంలోని ఒక విరహగీతాన్ని మొదట చాలా పెద్దగా అల్లుకున్నారు. యుక్తవయసు నుంచి ఆమెతో కలిసి రాసిన లిజ్ రోజ్ దానిని కుదించడంలో తోడ్పడ్డారు. ఆ పొడుగు ప్రతి పారేయకపోవడం వల్లనే 2021లో పది నిమిషాల రూపంలో విడుదలై, అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరిన అతి పొడవైన పాట అయింది. కాబట్టి పల్లవికి పది ప్రత్యామ్నాయాలు రాసి, ఒకటి ఇచ్చి, మిగతా తొమ్మిదింటినీ తేదీ వేసి దాచుకోవాలి. కత్తిరించడానికి మాత్రం మరో మనిషి కావాలి. తన మాటను తాను నరుక్కోవడం ఎవరికైనా కష్టమే. రెండో చరణం విషయంలో ఒక్కటే గుర్తుంచుకోండి: మొదటి చరణాన్నే వేరే మాటల్లో మళ్లీ చెప్పకూడదు. కాలమైనా మారాలి, చూసే కన్నైనా మారాలి. పాశ్చాత్యుల పాటల్లో పల్లవి రెండోసారి వచ్చాక బ్రిడ్జ్ అనే భాగం చేసే పనిని మనకు ఈ చరణమే చేయాలి.

పని జరిగిన ప్రతి రోజూ ఫోనులో రికార్డు చేసుకోండి. గొంతు బాగా లేకపోయినా ఫర్వాలేదు. స్విఫ్ట్ 2014 ఆల్బం ప్రత్యేక ప్రతిలో ఇలాంటి ఫోను రికార్డింగులను మూడింటిని చేర్చి, పాట ఎలా పుట్టిందో శ్రోతలకు వినిపించారు. మనకైతే అవి ముందుగా సాక్ష్యాలు. అదే రోజు పాట మీద కూర్చున్నవారందరూ ఒక కాగితం మీద పంపకాలు రాసుకుని సంతకాలు చేయాలి: సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికి ఎంత వంతు. స్నేహితుల మధ్య ఇది మొహమాటంగా ఉంటుంది. అయినా పాటకు పేరు వచ్చాక మాట్లాడుకోవడం కంటే, టీ తాగుతూ ఇప్పుడే రాసుకోవడం స్నేహానికి మంచిది.

హక్కుల సంగతికి వస్తే, హార్బర్‌లో పాట ఎవరు పాడితే సరుకు వారిది. సంగీతంలో అలా కాదు. పాడినంత మాత్రాన పాట గాయకుల సొంతం కాదు. ఆ పాటలో రెండు ఆస్తులు ఉన్నాయి. మాటలూ బాణీ కలిసిన రచన ఒకటి, దానిని రికార్డు చేసిన శబ్దం మరొకటి. రెండోదానిని మాస్టర్ అంటారు, అది సాధారణంగా డబ్బు పెట్టిన నిర్మాతది. స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బంల మాస్టర్లు ఆమె చేతిలో లేవు. 2019లో ఆమె పాత కంపెనీ బిగ్ మెషీన్‌ను స్కూటర్ బ్రాన్ అనే సంగీత మేనేజర్‌కు చెందిన సంస్థ కొన్నప్పుడు అవీ చేతులు మారాయి, 2020లో షామ్రాక్ అనే పెట్టుబడి సంస్థకు మళ్లీ అమ్ముడయ్యాయి. అయితే పాటలు రాసినది ఆమె కాబట్టి రచన హక్కు ఆమె దగ్గరే మిగిలింది. ఆ బలంతోనే పాత ఒప్పందంలో ఆ పాటలను మళ్లీ రికార్డు చేయకూడదన్న గడువు తీరగానే వాటిని కొత్తగా పాడడం మొదలుపెట్టి, 2021లో రెండు, 2023లో రెండు ఆల్బంలు విడుదల చేశారు. చివరకు 2025 మేలో పాత మాస్టర్లనూ కొనుక్కున్నారు. గొంతు ఒక్కటే ఉండి కలం లేని గాయని అయి ఉంటే ఈ దారి ఆమెకు ఇంత తేలికగా తెరుచుకునేది కాదు.

2009లో నేను ఒక భక్తిగీతాల ఆల్బంకు ఆరు పాటలు రాశాను. స్టూడియోలో ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు, చదవకుండా పెట్టాను. ఏడాది తరువాత మద్దిలపాలెంలో ఒక వినాయకుడి పందిట్లో వాటిలో ఒక పాట మైకులో వినిపించింది. సీడీ అట్ట మీద రచయితగా మరొకరి పేరు ఉంది. డబ్బు సంగతి కంటే ఆ పేరే నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. హక్కులు అమ్ముకున్నా రచయితగా పేరు చెప్పుకునే హక్కు పోదని కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతున్నదని అప్పుడు నాకు తెలియదు.

మీరు సంతకం పెట్టే ముందు చూడవలసినవి ఇవి. హక్కులు ఎన్నేళ్లకు రాసిస్తున్నారో కాగితంలో లేకపోతే చట్టం అయిదేళ్లుగానే లెక్కిస్తుంది; ఏ ప్రాంతానికో లేకపోతే భారతదేశం వరకే. అందుకే ఒప్పందం తెచ్చేవారు ఆ ఖాళీలను 'శాశ్వతంగా', 'విశ్వమంతటా' అని నింపుకొస్తారు. ఆ మాటల దగ్గర ఆగి బేరమాడండి. 2012 సవరణ తరువాత, సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించడం తప్ప మిగతా వాడకాలపై వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత, సంగీత దర్శకుడు వదులుకోవడానికి వీలు లేదు; వదులుకున్నట్టు రాసుకున్నా అది చెల్లదు. ఆ డబ్బు వసూలు చేసి పంచేది ముంబయి కేంద్రంగా 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే సొసైటీ. పాట విడుదల కాగానే అందులో సభ్యత్వానికి దరఖాస్తు చేసి, పాట వివరాలనూ, మీ పంపకాల కాగితంలోని వంతులనూ నమోదు చేయించండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది, మీ తరువాత 60 ఏళ్ల వరకు మీ వారసులది. అయినా తగాదా వస్తే రిజిస్ట్రేషన్ పత్రం అక్కరకు వస్తుంది. సాహిత్యానికి రుసుము 500 రూపాయలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాక డైరీ నంబరు వస్తుంది, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. దరఖాస్తులోనూ, ఐపీఆర్ఎస్‌లోనూ, యాప్‌లలో పాటను పెట్టే పంపిణీదారుకు ఇచ్చే వివరాల్లోనూ మీ పేరును అక్షరం తేడా లేకుండా ఒకే రకంగా రాయండి. ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట పొడి అక్షరాలతో ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులుగా నమోదై, మీకు రావలసిన డబ్బు ఎవరిదో తెలియనిదిగా మిగిలిపోతుంది.