లైంగిక దాడి జరిగాక తోడు వెళ్లేవాళ్లకు

"ముందు పోలీస్ కేసు పెట్టి రండి." చాలామంది బాధితురాళ్లు ఆసుపత్రి గడప నుంచే వెనక్కి తిరిగేది ఈ మాటతోనే. ఆ మాట చట్టవిరుద్ధం. సర్కారు దవాఖానైనా, ప్రైవేటు ఆసుపత్రైనా ఎఫ్‌ఐఆర్ కోసం ఆగకుండా, పైసా తీసుకోకుండా వైద్యం చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ చెబుతోంది. చేయకపోతే బాధ్యులకు బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 200 కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. క్యాజువాలిటీలో వాదన పెట్టుకోకండి. ఈ రెండు సెక్షన్లూ చెప్పి, "వైద్యం చేయబోమని రాసివ్వండి" అనండి చాలు.

స్టేషన్ కన్నా ముందు ఆసుపత్రే, ఎందుకంటే గడువున్నది అక్కడే. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా వేసే మాత్ర కూడా మొదటి మూడు రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. వేసుకున్న కాసేపటికే వాంతైతే డాక్టరుకు చెప్పాలి.

స్నానం చేసేసిందని ఆగిపోకండి. వైద్యానికి దాంతో పనిలేదు, ఆధారాలూ పూర్తిగా పోవు. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతకొద్దు, దులపొద్దు. పాలిథిన్ కవర్లో పెడితే చెమ్మకు బూజుపట్టి పాడవుతాయి. తడిగా ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కోటీ విడిగా కాగితంలో చుట్టండి.

పరీక్షలో దేన్నైనా ఆమె వద్దనొచ్చు. ఆమె వద్దన్నదన్న కారణంతో ఆసుపత్రి మందులు ఆపకూడదు. యోనిలో వేళ్లు పెట్టి చూసే 'రెండు వేళ్ల పరీక్ష' చేసేవారిది దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2022లోనే తేల్చింది.

స్టేషన్లో "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, ఏ స్టేషన్లోనైనా నమోదు చేయాలి. రాసుకోవాల్సింది మహిళా అధికారి. వాంగ్మూలం ఇంట్లోనే ఇవ్వొచ్చు. సంతకానికి ముందు మొత్తం చదివించుకోండి: ఆమె చెప్పిన మాట ఒకటి, కాగితం మీదికెక్కింది మరొకటి అయితే కోర్టులో పట్టుకునేది అదే. కాపీ ఉచితం. నమోదు చేయకపోతే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

"పేరు బయటికొస్తే పెళ్లెలా?" అని ఇంట్లోవాళ్లే అడ్డుపడతారు. ఆమె పేరు ప్రచురించడం నేరం, బీఎన్‌ఎస్ 72 అందుకే ఉంది. ఇంట్లో ఉండలేని పరిస్థితైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి దగ్గర్లోని సఖి కేంద్రం అడగండి. తాత్కాలికంగా ఉండే చోటు, కౌన్సెలింగ్, న్యాయ సాయం అక్కడే దొరుకుతాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే 1098. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

పరిహారానికి తీర్పు దాకా ఆగక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యంతర సాయానికి దరఖాస్తు చేయొచ్చు. వివరాలకు 15100.