క్వారీ నేలలో పచ్చదనం: రెండోసారికి కుదిరింది

బెంగళూరు శివారు ఆనేకల్ దగ్గర మా బావ కొన్న ఎకరంలో సగం పాత గ్రానైట్ క్వారీ. గొయ్యి పూడ్చి చదును చేశారు గానీ పైమట్టి ఎప్పుడో పోయింది. మిగిలింది రాతిపొడి. మొదటి ఏడాది ఆరు టిప్పర్ల ఎర్రమట్టి కొని పైన పరిచేశాం. ఇక్కడ సెప్టెంబరు వానల సంగతి తెలిసిందే కదా, మట్టంతా పక్క పొలం కాలువలోకి పోయింది. డబ్బు పోయింది, పైగా మాటలు పడ్డాం.

తప్పు మట్టిది కాదు, దాని కింది నేలది. లారీలు తిరిగి తిరిగి సిమెంటులా బిగిసింది. నీళ్లు ఇంకవు, వేరు దిగదు. ఈసారి జేసీబీతో వాలుకి అడ్డంగా రెండడుగుల లోతు చీల్పించాం. ఆ సాళ్లలో చెరువు పూడికమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపాం. జూన్‌లో పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లి, పూత మొదలవగానే, సుమారు 45 రోజులకి, కలియదున్నేశాం. వాలు అంచున వట్టివేరు, గట్ల మీద కానుగ, గ్లిరిసిడియా చెట్లు. ఈ రెండూ గాలిలోని నత్రజనిని నేలకి పట్టిస్తాయి.

పోయిన వానలకి కాలువలో నీళ్లు తేటగా పారాయి. మామిడి నాటుదామని బావ తొందర.

"ఇంకో రెండు జనుము పంటలు కానీ బావా" అన్నాను.