ఇటాలియన్ స్వబోధిని – నాలుగవ పాఠం: మోంతెకాతీనిలో పలకరింపులు

గత మూడు పాఠాలలో అక్షరాలు, అంకెలు, గంటలు చెప్పే తీరు నేర్చుకున్నాము. ఈ పాఠం నుండి ఆ మాటలను మనుషుల మధ్య వాడడం మొదలుపెడతాము. అందుకు మోంతెకాతీని తేర్మె అనే ఊరిని ఎంచుకున్నాను. ఇది ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్సు నుండి లుక్కా వైపు వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఊటనీళ్ల ఊరు. 18వ శతాబ్దంలో టస్కనీని ఏలిన పియెత్రొ లెయొపోల్దొ ఇక్కడి ఉప్పునీటి ఊటల దగ్గర స్నానశాలలు కట్టించాడు. సంగీతకర్త వెర్ది వృద్ధాప్యంలో ఏళ్ల తరబడి వేసవికి ఇక్కడికే వచ్చేవాడు. 2021లో యునెస్కో ఐరోపాలోని 11 ఊటనీళ్ల పట్టణాలను కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు, వాటిలో ఇటలీ నుండి చోటు దక్కినది ఈ ఒక్క ఊరికే. పెద్ద నగరాలలో మనం తడబడగానే ఎదుటివారు ఇంగ్లీషులోకి మారిపోతారు. ఇలాంటి నెమ్మదైన ఊరిలో, బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్లు మన వాక్యం పూర్తయ్యేదాకా ఓపికగా వింటారు కాబట్టి, నేర్చుకునేవారికి ఇదే మేలని నా నమ్మకం.

ముందుగా పలకరింపు. దుకాణంలోకైనా, కాఫీ బారులోకైనా అడుగుపెట్టగానే నమస్కారం చెప్పకుండా కావలసినది అడగడం అక్కడ అమర్యాద. ఉదయం ‘బువొన్ జోర్నొ’ అనాలి. టస్కనీలో మధ్యాహ్న భోజనం అయిన కాసేపటికే, ఎండ ఇంకా ఉండగానే ‘బువొన సేర’ అనడం మొదలుపెడతారు. ‘చావొ’ అన్నది చనువున్నవారికే తప్ప, కొత్తవారికి పనికిరాదు.

ఇక ఈ పాఠానికి ఆయువుపట్టు లాంటి విషయం, మర్యాద సర్వనామం. తెలుగులో ‘మీరు’ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది: ఒక పెద్దాయనను గౌరవించడానికీ అదే, పదిమందిని కలిపి పిలవడానికీ అదే. ఇటాలియన్ ఈ రెండు పనులను విడదీస్తుంది. పదిమందితో మాట్లాడేటప్పుడు ‘వోయ్’, గౌరవించవలసిన ఒక్కరితో ‘లేయ్’, చనువున్నవారితో ‘తు’. మన అలవాటు కొద్దీ ఒక్క పెద్దావిడను ‘వోయ్’ అని పిలవడం తెలుగువారు సులభంగా చేసే పొరపాటు. ‘లేయ్’ అంటే ‘ఆమె’ అనే అర్థం కూడా ఉంది. మగవారినైనా సరే, గౌరవంగా పిలవడానికి అదే మాట. పూర్వం పెద్దలను ‘తమ దొరతనం’ అనే అర్థమిచ్చే స్త్రీలింగ పదంతో సంబోధించేవారు. ఆ పదానికి బదులుగా వచ్చినదే ఈ సర్వనామం. ఎదుట నిలబడిన వ్యక్తినే ‘ఏలినవారు ఏమి సెలవిస్తారు’ అని ప్రథమ పురుషలో అడిగిన తెలుగు మనకు ఉంది కనుక, ఈ పద్ధతి మనకు మరీ వింతగా తోచకూడదు. క్రియ కూడా ‘ఆమె’కు వాడేదే వస్తుంది. స్నేహితుణ్ణి ‘కోమె స్తాయ్?’ అని అడుగుతాము, పెద్దాయనను ‘కోమె స్తా?’ అని అడుగుతాము. ఆయన ‘బేనె, గ్రాత్సియె. ఎ లేయ్?’ అంటే, ‘బాగున్నాను, ధన్యవాదాలు. మరి మీరు?’ అని అర్థం. ‘తు’లోకి మారుదామని పెద్దవారు ముందుగా అనాలి, మనం తొందరపడకూడదు.

ఉచ్చారణలో మనకు ఒక వరం ఉంది. ‘కల’కూ ‘కల్ల’కూ ఉన్న తేడా చిన్నప్పటి నుండి మన చెవికి తెలుసు, ఇటాలియన్‌లోనూ ద్విత్వం మారితే అర్థం మారుతుంది. ‘సేతె’ అంటే దాహం, ‘సెత్తె’ అంటే ఏడు. ‘ఓ సేతె’ అంటే నాకు దాహంగా ఉంది అని; త మీద ఒత్తు పడిందా, నా దగ్గర ఏడు ఉన్నాయి అని అయిపోతుంది. మంచినీళ్లు అడగాలంటే ‘వొర్రేయ్ ఉన్ బిక్కియేరె దాక్క్వ, పెర్ ఫవోరె’ అనాలి. ఊటనీరు తాగి ఆరోగ్యం బాగుచేసుకోవడానికి ఇలాంటి ఊళ్లకు రావడాన్ని ‘పస్సారె లె అక్క్వె’ అంటారు. పొద్దున్నే పరగడుపున తెత్తూచ్చొ అనే ఊటనీటిశాల మండపాల కింద గ్లాసు చేతపట్టుకొని, వాద్యబృందం సంగీతం వింటూ, గుక్కగుక్కగా తాగుతూ నడవడం ఆ ఊరి సంప్రదాయంగా పేరుపొందింది.

ఎవరైనా ఇంటికి పిలిస్తే, తలుపు తెరిచి ఉన్నా గడప దగ్గర ఆగి ‘పెర్మేస్సొ?’ అనాలి. లోపలికి రావచ్చా అని దాని భావం. వారు ‘ప్రేగొ, సి అక్కోమొది’ అంటారు. రండి, కూర్చోండి అని. ఉత్త చేతులతో వెళ్లకుండా, ఆ ఊరి బాదం చక్కెర నింపిన పలుచని ‘చాల్దె’ బిళ్లల పెట్టె తీసుకువెళ్లడం బాగుంటుంది. పూలు పట్టుకెళితే మాత్రం చామంతులు వద్దు. మన గుమ్మాలకు శుభమైన ఆ పువ్వును వారు నవంబరు 2న, పితృదేవతలను తలుచుకునే రోజున, సమాధుల మీద ఉంచుతారు.

అభ్యాసం: (1) మధ్యాహ్నం నాలుగింటికి మందుల షాపులోకి అడుగుపెట్టారు, మొదటి మాట రాయండి. (2) పక్కింటి పెద్దాయన క్షేమం అడగండి, తరువాత ఆయన మనవణ్ణి అడగండి. (3) ‘నాకు దాహంగా ఉంది’ అని పదిసార్లు పైకి పలకండి. జవాబులు వచ్చే పాఠంలో ఉంటాయి. ఆ పాఠంలో 1898లో ప్రారంభమైన తాడు రైలు ఎక్కి కొండమీది మోంతెకాతీని ఆల్తొకు వెళుతూ, టికెట్టు కొనడం, దారి అడగడం నేర్చుకుంటాము.